గోడ దాటిన గంట: ఆచార్య జగదీశ చంద్ర బోసు
(తృతీయ బి.యస్సీ., భౌతికశాస్త్ర విద్యార్థి)

ఈ సంచికకి ఒక మహనీయుడి జీవితం రాసిమ్మని సంపాదక వర్గం వారు అడిగినప్పుడు వెంటనే సరేనన్నాను గాని, ఎవరి గురించి రాయాలో అప్పటికి నాకే తెలియదు. కాటన్ దొర కాలవ నీళ్ళు తాగి పెరిగినవాణ్ణి కాబట్టి ఆయన గురించే రాద్దామనుకున్నాను. అయితే ఆయన మీద మన సంచికల్లో ఎవరో ఒకరు రాస్తూనే ఉన్నారు. ఇంతలో నా టాబ్లెట్ కంప్యూటరు మొరాయించింది. దాని మరమ్మతులో పడి కొట్టుకుంటూ ఉండగా బోసుగారు దొరికారు. అందుచేత పాఠక మిత్రులు కొంచెం ఓపిక పట్టి, ముందు నా టాబ్లెట్ గొడవ వినాలి. అది చెప్పకపోతే మిగతాది అతకదు.

మాది లంక ఊరు. అరటితోటా, కొద్దిగా వరీ. తోటకి తడి ఎప్పుడు పెట్టాలో నాన్న మట్టి పిడికిట్లో నొక్కి చూసి చెప్తాడు. మోటారుకి కరెంటు ఏ వేళప్పుడు వస్తే ఆ వేళప్పుడే, టార్చి లైటు పట్టుకుని వెళ్తాడు. ఆయన మోకాళ్ళు ఇప్పుడు మునుపటిలా లేవు. ఈ ఏడాది ప్రాజెక్టుకి ఏం చేద్దామని ఆలోచించి, మట్టిలో రెండు చువ్వలు గుచ్చి, తేమని బట్టి మారే అంకెని బ్లూటూత్ ద్వారా టాబ్లెట్‌కి పంపే చిన్న పరికరం చేద్దామనుకున్నాను. తోటలోకి దిగక్కర్లేకుండా గట్టు మీద నిలబడితే తడి ఎంతుందో తెలిసిపోవాలని నా ఆశ. టాబ్లెట్ దాళ్వా ధాన్యం డబ్బుల్లోంచి నాన్న కొనిపెట్టింది. సెకండ్ హ్యాండుది. దాంట్లో ఉన్న పాత సిస్టమ్ నత్తలా నడుస్తూంటే హాస్టల్లో మా సీనియర్ ఒకాయన లినక్స్ ఎక్కించి పెట్టాడు. పైసా ఖర్చు లేదు. టాబ్లెట్ ఎంచక్కా పరుగెత్తింది. బ్లూటూత్ ఒక్కటే పోయింది.

పోవడమంటే మామూలుగా పోవడం కాదు. బ్లూటూత్‌సీటీఎల్ అనే కమాండు కొడితే అసలు కంట్రోలరే లేదంది. చిప్పు లోపల ఉంది, మొన్నటిదాకా పని చేసింది, ఇప్పుడు లేదంటోంది! వారం రోజులు తిప్పలు పడ్డాను. టాబ్లెట్ అమ్మేసి ప్రాజెక్టు మానేద్దామన్నంత విసుగొచ్చింది. కాని అమ్మేస్తే ఎంతొస్తుంది, నాన్నకి ఏం చెప్పాలి? చివరికి మా భౌతికశాస్త్రం మాష్టారి దగ్గరికి వెళ్తే ఆయన లినక్స్ సంగతి నాకు తెలియదబ్బాయ్ అని నవ్వి, ఒకే ఒక్క ప్రశ్న వేశారు: లోపం పంపేవాడిలో ఉందా, అందుకునేవాడిలో ఉందా? నేను తెల్లమొహం వేశాను. అందుకునేవాడి కోసం సగం జీవితం ఖర్చు పెట్టిన మనిషి మన దేశంలోనే ఉన్నాడు, ముందు ఆయన గురించి చదువుకో అన్నారు. అలా లైబ్రరీకి పోయాను.

జగదీశ చంద్ర బోసుగారు 1858 నవంబరు 30న తూర్పు బెంగాల్లో పుట్టారు. తండ్రి భగవాన్ చంద్ర బోసు డిప్యూటీ మేజిస్ట్రేటు. ఆ రోజుల్లో ఆ హోదా ఉన్నవాళ్ళంతా పిల్లల్ని ఇంగ్లీషు బడికి పంపేవారు. ఈయన మాత్రం కొడుకుని బెంగాలీ బడిలోనే వేశాడు. ముందు మన భాషా, మన మనుషులూ తెలియాలి, తర్వాతే ఇంగ్లీషు అని ఆయన పట్టుదల. ఆ బడిలో జగదీశుడికి ఒక పక్కన తండ్రి దగ్గర పనిచేసే ముస్లిం బంట్రోతు కొడుకూ, ఇంకో పక్కన జాలరి కొడుకూ కూర్చునేవారట. ఇక ఆ పిల్లవాణ్ణి బడికి మోసుకెళ్ళే మనిషి ఎవరంటారు? ఒకప్పటి బందిపోటు! భగవాన్ చంద్రే అతనికి శిక్ష వేశాడు. జైలు నుంచి వచ్చాక బతుకుతెరువు లేదంటే ఇంట్లోనే పనిలో పెట్టుకున్నాడు. దోపిడీల కథలు వింటూ బడికి పోయిన శాస్త్రవేత్త ప్రపంచంలో ఇంకొకరు ఉండరనుకుంటాను.

ఈ బడి సంగతి దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. నేను ఇంటర్ దాకా తెలుగు మీడియం. ఈ కాలేజీలో మొదటి ఏడాది క్లాసులో ప్రశ్న అడగాలంటే ముందు మనసులో ఇంగ్లీషులోకి తిప్పుకుని, అది తప్పేమోనని మళ్ళీ మింగేసేవాణ్ణి. బోసుగారు కలకత్తా సెయింట్ జేవియర్ స్కూలుకి వెళ్ళినప్పుడు అక్కడి దొరల పిల్లలు ఈ పల్లెటూరి అబ్బాయిని ఏడిపించారు. బాక్సింగు వచ్చిన ఒకడు మీదికొస్తే, ఏ విద్యా రాని ఈయన దెబ్బలు తిని తిని చివరికి వాణ్ణే పడగొట్టాడట. నాకు బాక్సింగు సంగతి ఎలా ఉన్నా, ఆ పేజీ రెండుసార్లు చదివాను.

సెయింట్ జేవియర్ కాలేజీలో ఫాదర్ లఫాఁ అనే గురువు ప్రయోగాలు చేసి చూపిస్తూ పాఠం చెప్పేవాడు. భౌతికశాస్త్రం మీద బోసుకి గురి అక్కడే కుదిరింది. తర్వాత లండన్ వెళ్ళి వైద్యం చదవబోతే జ్వరం వదల్లేదు. వైద్యం మాని కేంబ్రిడ్జిలో చేరి రేలీ ప్రభువు దగ్గర చదువుకుని 1884లో పట్టా పుచ్చుకున్నాడు. 1885లో కలకత్తా ప్రెసిడెన్సీ కాలేజీలో భౌతికశాస్త్ర ఆచార్యుడిగా చేరాడు.

ఇక్కడ ఒక ఘట్టం ఉంది. నా మటుకు నాకు ఆయన తరంగాల కంటే ఇదే గొప్పది. ఆ కాలంలో భారతీయ ప్రొఫెసరుకి తెల్లవాడికిచ్చే జీతంలో మూడింట రెండు వంతులే ఇచ్చేవారు. బోసుది తాత్కాలికపు పోస్టు కాబట్టి అందులోనూ సగమే. అంటే పక్క గదిలో అదే పాఠం చెప్పే దొరకి మూడు రూపాయలైతే ఈయనకి ఒక రూపాయి. బోసు గొడవ పెట్టుకోలేదు, ఉద్యోగమూ మానలేదు. జీతం మాత్రం ముట్టుకోలేదు. మూడేళ్ళు! పాఠాలు రోజూ చెప్పాడు, నెలనెలా జీతం తిరస్కరించాడు. ఇంట్లో పరిస్థితి బాగుండి చేశాడా అంటే అదీ కాదు. తండ్రి ఊరి జనం కోసం పరిశ్రమల బడి అనీ, తేయాకు తోటలనీ పెట్టి అప్పుల్లో కూరుకుపోయి ఉన్నాడు. పిత్రార్జితపు భూమి అమ్మారు, తల్లి నగలు పోయాయి. అయినా అప్పు తీరలేదు. అటువంటప్పుడు కొడుకు జీతం వద్దన్నాడు. మా ఇంట్లో నేనీ పని చేస్తే ఏమవుతుందో ఊహించుకోలేను. చివరికి ప్రభుత్వమే దిగొచ్చి, ఉద్యోగం ఖాయం చేసి, మూడేళ్ళ జీతమూ పూర్తిగా ఒక్కసారే చెల్లించింది. ఆ డబ్బు తండ్రి అప్పులకి పోయింది. తండ్రి అప్పు లేకుండా కన్నుమూశాడు. బాకీతో వేగే ఇంట్లో పుట్టినవాడికి ఈ మాట బరువేమిటో వేరే చెప్పక్కర్లేదు.

ఆ మూడేళ్ళలోనే, 1887లో, ఆయనకి అబలాదేవితో పెళ్ళయింది. ఆవిడ మన మద్రాసు వైద్య కళాశాలలో చదువుకున్నావిడ. కలకత్తాలో ఖర్చులు భరించలేక కొంతకాలం వాళ్ళు చందర్‌నగర్‌లో కాపురం పెట్టారు. కాలేజీకి వెళ్ళాలంటే హుగ్లీ నది దాటాలి. పొద్దున్నే ఇద్దరూ చిన్న పడవలో అవతలి ఒడ్డుకి చేరేవారు. ఆయన దిగిపోతే ఆవిడ పడవ ఒక్కతే నడుపుకుని వెనక్కి వచ్చి, సాయంత్రం మళ్ళీ వెళ్ళి తీసుకొచ్చేది. పంటు మీద గోదావరి దాటి కాలేజీకొచ్చే మన మిత్రులకి ఈ దృశ్యం కళ్ళకి కట్టినట్టు కనబడుతుంది.

ఇక అసలు విషయం. విద్యుదయస్కాంత తరంగాలు ఉన్నాయని జర్మనీలో హెర్ట్జ్ 1888 నాటికి ప్రయోగం చేసి నిరూపించాడు. పాపం, 36 ఏళ్ళకే 1894 జనవరి 1న పోయాడు. అదే ఏడాది నవంబరులో బోసుకి 36 నిండాయి. ఆ పుట్టినరోజునాడు, ఇకపై పరిశోధనకే అంకితమవ్వాలని ఆయన నిశ్చయించుకున్నాడు. ల్యాబు ఏదీ? కాలేజీలో స్నానాల గది పక్కన 24 చదరపు అడుగుల గది. సాయానికి ఎవరు? ఒక రేకుల పనివాడు. అతనికి బోసే నేర్పాడు. ఆ గదిలో ఆయన అయిదు మిల్లీమీటర్ల పొడవున్న తరంగాలు పుట్టించాడు. మన బ్లూటూత్ తరంగం పన్నెండున్నర సెంటీమీటర్లు. అంటే బోసుగారి తరంగం దానిలో ఇరవై అయిదో వంతు! 60 గిగాహెర్ట్జ్ దరిదాపుల పౌనఃపున్యం. ఎందుకంత పొట్టి తరంగమంటే, పొడుగు తరంగాలతో ప్రయోగం చెయ్యాలంటే గదంత అద్దాలూ పట్టకాలూ కావాలి. పొట్టివైతే బల్ల మీద సరిపోతాయి. లేమి నుంచి పుట్టిన ఉపాయం అన్నమాట. ధ్రువణం చూపించడానికి ఆయన వాడిన వస్తువుల్లో ఒకటి రైల్వే టైం టేబుల్ పుస్తకం, పేజీల మధ్య తగరపు రేకులు పెట్టి. మెలిపెట్టిన జనపనార కట్ట ఇంకొకటి. మన ల్యాబులో పరికరం లేదని ప్రయోగం ఎగ్గొట్టే మిత్రులు ఈ వాక్యం మళ్ళీ చదవగలరు.

1895లో కలకత్తా టౌన్ హాల్లో ప్రదర్శన జరిగింది. సభలో లెఫ్టినెంట్ గవర్నరు కూర్చుని ఉన్నాడు. ఒక చోట పుట్టిన తరంగం ఆయన శరీరాన్నీ, మధ్యలో గోడల్నీ దాటుకుని 75 అడుగుల అవతలి గదికి పోయి అక్కడ గంట మోగించింది, పిస్తోలు పేల్చింది, కొంచెం తుపాకి మందు అంటించింది. తీగ లేదు, తాడు లేదు. మార్కోనీ పేరు అప్పటికి లోకానికి తెలియదు.

మాష్టారి ప్రశ్నకి జవాబు ఈ గంట దగ్గరే ఉంది. తరంగం పంపడం అంత కష్టం కాదు, నిప్పురవ్వ చాలు. వచ్చిందని తెలుసుకునేదెలా? ఆ రోజుల్లో దానికి కొహిరర్ అనే గాజు గొట్టం వాడేవారు. లోపల లోహపు రజను. తరంగం తగలగానే రజను దగ్గరగా అతుక్కుని కరెంటు పారనిస్తుంది. చిక్కేమిటంటే ఒకసారి అతుక్కుంటే అలాగే ఉండిపోతుంది. రెండో కబురు అందుకోవాలంటే గొట్టాన్ని వేలితోనో చిన్న సుత్తితోనో తట్టి రజను విడదీయాలి. పైగా దాని మీద నమ్మకం లేదు, ఒకసారి పని చేస్తుంది, ఒకసారి చెయ్యదు. బెంగాల్ గాలిలోని చెమ్మకి లోహం తుప్పు పట్టడం మరో బెడద. బోసు రజను తీసేసి, దాని బదులు పక్కపక్కన ఆనుకుని ఉండే సన్నని స్ప్రింగులు పెట్టాడు. వాటి ఒత్తిడి మర బిగించి సరిచేసుకోవచ్చు. తర్వాత ఒక్కో లోహాన్నీ తీసుకుని, ఏది ఎలా అతుక్కుంటుందో, ఏది తనంతట తాను విడిపోతుందో ఓపిగ్గా పరీక్షించాడు. ఇనుమూ పాదరసమూ ఆనుకున్న చోట తట్టనక్కర్లేకుండానే కొహిరర్ తిరిగి కోలుకుంటుందని కనిపెట్టి 1899లో రాయల్ సొసైటీకి వ్యాసం పంపాడు. గెలీనా అనే సీసపు ఖనిజంతోనూ రిసీవరు చేశాడు. ఈనాటి అర్ధవాహక డయోడ్లకి తాతముత్తాతల్లో అదొకటి.

ఇది చదివి గదికొచ్చి టాబ్లెట్ ముందు కూర్చున్నాను. ఈసారి దాన్ని తిట్టడం మానేసి, బోసుగారి పద్ధతిలో ఒక్కొక్క మెట్టూ పరీక్షించాను. మెషిను లేచేటప్పుడు రాసుకునే చిట్టా ఉంటుంది, డీమెసేజ్ అని కొడితే కనబడుతుంది. అందులో స్పష్టంగా ఉంది: బ్లూటూత్ చిప్పుకి కావలసిన ఫర్మ్‌వేర్ ఫైలు దొరకలేదని. చిప్పు ఉన్నా, ఏం చెయ్యాలో చెప్పే కాగితం లేదన్నమాట. ఆ ఫైలున్న ప్యాకేజీ ఎక్కించి మళ్ళీ ఆన్ చేస్తే కంట్రోలరు కనబడింది. కాని ఇంకా లేవనంది. ఆర్ఎఫ్‌కిల్ లిస్ట్ అని చూస్తే సాఫ్ట్ బ్లాక్‌లో ఉంది, ఎప్పుడో పొరపాటున నొక్కిన ఏరోప్లేన్ మోడ్ పుణ్యం. అన్‌బ్లాక్ చేశాను. ఇక తోట పరికరంతో జత కట్టమంటే కడుతుంది, మరుక్షణం తెంచేస్తుంది. ఇక్కడే కొహిరర్ గుర్తొచ్చింది. మధ్యలో నేను పరికరం సెట్టింగులు తుడిచి కొత్తగా పెట్టాను. టాబ్లెట్ మాత్రం పాత రహస్యపు తాళంచెవినే పట్టుకు కూర్చుంది. అతుక్కుపోయిన రజనుకీ దీనికీ తేడా ఏముంది? రిమూవ్ అని పాత జతని చెరిపేసి, స్కాన్ చేసి, మళ్ళీ పెయిర్, తర్వాత ట్రస్ట్, తర్వాత కనెక్ట్. అంకెలు జలజలా వచ్చాయి. రాత్రి పన్నెండింటికి హాస్టల్ వరండాలో ఒక్కణ్ణే గంతులేశాను.

1897 జనవరి 29న లండన్ రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో శుక్రవారం సాయంత్రం ఉపన్యాసం ఇచ్చే గౌరవం బోసుకి దక్కింది. అంతకుముందు ఏడాదే లండన్ విశ్వవిద్యాలయం డాక్టరేటు ఇచ్చింది. ఇంగ్లండులో పెద్దపెద్ద శాస్త్రవేత్తలు ఆయన పరికరాలు చూసి ముక్కున వేలేసుకున్నారు. ఆయన దేన్నీ దాచలేదు. ఏ స్ప్రింగు ఎలా ఉందో, ఏ మర ఎక్కడుందో అందరి ముందూ విప్పి చూపించేశాడు. 1901లో మరోసారి లండన్ వెళ్ళినప్పుడు ఒక టెలిగ్రాఫ్ కంపెనీ ఆసామి వచ్చి, రిసీవరు సంగతి ఉపన్యాసంలో బయటపెట్టవద్దు, పేటెంటు తీసుకుంటే లాభం పంచుకుందామని బతిమాలాడు. బోసు ఒప్పుకోలేదు. ఈ సంగతి మిత్రుడు రవీంద్రనాథ్ ఠాగూరుకి ఉత్తరంలో రాసుకున్నాడు. తర్వాత స్నేహితులు మరీ ఒత్తిడి చేస్తే గెలీనా రిసీవరుకి అమెరికాలో పేటెంటు 1904 మార్చి 29న వచ్చింది. ఆయన దాన్ని పట్టించుకోనే లేదు, కాలం తీరి పోయింది.

1901 డిసెంబరులో మార్కోనీ అట్లాంటిక్ మహాసముద్రం మీదుగా మొదటి సంకేతం అందుకున్నాడు. అప్పుడాయన వాడినది పాదరసపు బొట్టుతో పనిచేసే, తనంతట తాను కోలుకునే రిసీవరు. ఇటలీ నౌకాదళం నుంచి వచ్చిందన్నారు. అది రెండేళ్ళ ముందు బోసు ప్రకటించిన దాని రూపమేనని 1998లో ఒక ఇంజనీరు, అమెరికాలోని ఐట్రిపుల్‌ఈ సంఘం పత్రికలో వివరంగా చర్చించాడు. ఇందులో నా అభిప్రాయం చెప్పమంటే, దీన్ని దొంగతనమని కేకలేయడం వల్ల బోసుగారికి ఒరిగేదేమీ లేదు. మార్కోనీకి కావలసింది దూరం, వ్యాపారం. దానికి ఆయన పడ్డ శ్రమ ఆయనది. అయితే పేటెంటు తీసుకోకపోవడం బోసుగారి అమాయకత్వమని మా రూమ్మేటు వాదించినప్పుడు మాత్రం నేను ఒప్పుకోలేదు. నా టాబ్లెట్‌ని లేపిన లినక్స్ బ్లూటూత్ ప్రోగ్రాములు రాసినవాళ్ళలో ఒక్కరి మొహమూ నేనెరగను. రాసి, విప్పి, అందరి ముందూ పెట్టి పోయారు. అలా పెట్టకపోతే దాళ్వా డబ్బుల టాబ్లెట్ మీద నా ప్రాజెక్టు నడిచేదా?

ఆయన రేడియోని మధ్యలో వదిలేసి మొక్కల మీదికి వెళ్ళిపోవడం చాలామందికి వింతగా తోస్తుంది. కాని దారి సూటిగానే ఉంది. రిసీవర్లు ఎక్కువసేపు పని చేయిస్తే అలిసిపోయినట్టు మొద్దుబారి, కొంచెం విశ్రాంతి ఇస్తే తేరుకోవడం ఆయన గమనించాడు. లోహమే ఇలా ఉంటే మొక్క మాటేమిటని అత్తిపత్తి ఆకు పట్టుకున్నాడు. మొక్క ఎదుగుదలని వేల రెట్లు పెద్దది చేసి చూపించే క్రెస్కోగ్రాఫ్ తయారుచేశాడు. దెబ్బకీ, మత్తుమందుకీ, ఎండకీ మొక్కలో కలిగే విద్యుత్ మార్పుల్ని కొలిచాడు. వృక్షశాస్త్రజ్ఞులు తమ చేలో పరాయి గేదె పడ్డట్టు ఆయన మీదికి లేచారు. ఆయన చెప్పినవన్నీ నిలవలేదు, కొన్ని మరీ ముందుకు లాగి చెప్పాడన్న విమర్శ ఉంది. మొక్కల్లో విద్యుత్ సంకేతాలు ప్రయాణిస్తాయన్నది మాత్రం ఇవాళ ఎవరూ కాదనరు. మా నాన్నకి ఈ సంగతి చెబితే ఆశ్చర్యపోలేదు. నీళ్ళు తగ్గితే అరటాకు మధ్యాహ్నానికి మడతేసుకుంటుంది కదా, దానికి తెలియకపోతే ఎలా మడుస్తుందని తిరిగి నన్నే అడిగాడు.

ఆయన కథకుడు కూడా. 1896లో బెంగాలీలో ఒక కథ రాశాడు. సముద్రంలో తుపాను చెలరేగితే ఓడలో ఒకడు తలనూనె సీసా విసిరి ఆ తుపానుని అణిచేస్తాడు. నూనె నీటి ఉపరితలం మీద చేసే పనిని హాస్యంగా చెప్పాడన్నమాట. 1996 నవంబరు తుపాను గురించి పెద్దవాళ్ళు చెప్పుకోగా విన్న మా కోనసీమ వాళ్ళం, ఒక్క సీసా ఏ మూలకి వస్తుందని నవ్వుకోవలసిందే.

1915లో కాలేజీ ఉద్యోగం విరమించాడు. 1917లో సర్ బిరుదు వచ్చింది. అదే ఏడాది తన పుట్టినరోజైన నవంబరు 30న కలకత్తాలో బోసు విజ్ఞాన మందిరం తెరిచాడు. అక్కడ కనిపెట్టినవి ఎవరి సొంత ఆస్తీ కాకూడదని, పేటెంట్లు తీసుకోరాదని ఆనాడే ప్రకటించాడు. 1920లో రాయల్ సొసైటీ సభ్యుడయ్యాడు. 1937 నవంబరు 23న గిరిడీలో కన్నుమూశాడు. ఇంకో వారముంటే 79 నిండేవి. టౌన్ హాల్ గంట మోగిన శతాబ్దం పైచిలుకు తర్వాత, 2012లో, ఆ మిల్లీమీటరు తరంగాల ప్రయోగాలని ఐట్రిపుల్‌ఈ సంఘం ఒక మైలురాయిగా గుర్తించి ప్రెసిడెన్సీ కాలేజీలో ఫలకం పెట్టింది.

నా ప్రాజెక్టు సంగతి కూడా చెప్పి ముగిస్తాను. హాస్టల్లో బ్రహ్మాండంగా పనిచేసిన పరికరం తోటలో పెట్టగానే మళ్ళీ తెగిపోవడం మొదలెట్టింది. రెండడుగులు దూరం జరిగితే చాలు, అంకెలు ఆగిపోయేవి. లినక్స్‌లో ఇంకేం తప్పుందో అని మళ్ళీ రెండు రోజులు వెతికాను. అప్పుడు బోసుగారి పరికరం బొమ్మ ఇంకోసారి చూశాను. నిప్పురవ్వ పుట్టే భాగాన్ని ఆయన లోహపు పెట్టెలో మూసి ఉంచాడు, అక్కర్లేని తరంగం పక్కలకి పోకుండా. లోహపు పెట్టెలో! వాన పడితే తడవకుండా నేను నా బోర్డుని అమ్మ దగ్గర అడిగి తెచ్చిన బిస్కెట్ల రేకు డబ్బాలో పెట్టి గట్టిగా మూతేశాను. మూడేళ్ళు భౌతికశాస్త్రం చదివి చేసిన పని ఇది. ఆ రాత్రే పాత ప్లాస్టిక్ డబ్బాలోకి మార్చి, అరటాకుల నీటి బరువు అడ్డం రాకుండా కర్ర మీద ఎత్తులో కట్టాను. మర్నాడు నాన్న గట్టు మీద నిలబడి టాబ్లెట్ చూశాడు. అంకె కనబడింది. అయినా తోటలోకి దిగి, మట్టి పిడికిట్లో నొక్కి చూసుకుని, సరిపోయిందిరా అన్నాడు. రేకు డబ్బా అమ్మ తోమి మళ్ళీ జంతికలకి వాడుతోంది.